లేసు అంచు: మొదలు, తుది

(వికారాబాదు, తాండూరులలో గ్రామపంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లనుగూర్చియో, మంచినీటి కుళాయిలనుగూర్చియో కాక లేసు అంచునుగూర్చి మాటలాడుదుమనగానే మీలో కొందరు చిరునవ్వు నవ్విరి. అందు తప్పులేదు. ఆడవారు తీరికవేళ చేసికొను అల్లికపనికిని పంచాయతీకిని ఏమి సంబంధమని తోచుట సహజమే. కాని, సభ్యులారా, ఊరిలో శిక్షణ తరగతికి గది చూపునది మీరు. తీర్మానము వ్రాయునది మీరు. శిక్షణ ముగిసిన దినమున బల్లపై పరచిన వస్తువులను చూచి, బాగున్నవని చెప్పి, కాగితముపై సంతకము చేయునదియు మీరే. ఏది బాగున్నదో, ఏది బాగులేదో తెలియక చేసిన సంతకము వలన మీకు కలుగు నష్టమేమియు లేదు. నష్టపడునది రాత్రి దీపము ముందు కూర్చుండి అల్లిన ఆడబిడ్డ. అంచును ఎట్లు మొదలుపెట్టవలెనో, ఎట్లు ముగింపవలెనో, ఆ రెండు కొసలపై ఆమె కూలి ఎట్లు ఆధారపడియున్నదో, మేము చూచినంతవరకు మనవి చేయుదుము.

లేసు పని ప్రధానముగా రెండు విధములు. మొదటిది కండెల లేసు. గట్టిగా కూరిన దిండుపై చిల్లులు పొడిచిన అట్టను పరచి, ఆ చిల్లులలో గుండుసూదులు గ్రుచ్చి, చిన్న చిన్న కండెలకు చుట్టిన దారములను జతలు జతలుగా ఒకదానిపై నొకటి దాటించి, మెలివేసి అల్లుదురు. నేతగాని కండె చూచిన మీకు ఈ కండెను ఊహించుట కష్టము కాదు. ఇది దానికంటె చిన్నది, దారము చివర బరువుగా వ్రేలాడును. నాగర్‌కోవిల్ ప్రాంతమున 19వ శతాబ్ది తొలి భాగములో మార్తా మాల్ట్ అను మిషనరీ వనిత ఈ పనిని నేర్పించెను. రెండవది కొక్కెపు సూదితో అల్లు లేసు. దీనినే క్రోషా పని యందురు. మన తెలుగుదేశమున పేరు పొందిన నరసాపురపు లేసు ఈ రెండవ జాతిది. 1844 ప్రాంతమున స్కాట్లండునుండి వచ్చిన మెక్రే దంపతులు దీనిని గోదావరి తీరమున ప్రవేశపెట్టిరని చెప్పుదురు. గోదావరి ఎగువన దుమ్ముగూడెములోను మిషనువారు లేసు నేర్పిరి. నరసాపురపు క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన తాండూరు కందిపప్పుకు 2022లో లభించిన గుర్తింపు వంటిదే అది.

మన ప్రాంతమునకు కండెల లేసు అవసరము లేదని మా అభిప్రాయము. దిండు, అట్ట, పదుల కొలది కండెలు, వందల గుండుసూదులు సమకూర్చుకొనుట పేద సంఘమునకు భారము. కొక్కెపు సూదికి కావలసినది ఒక సూది, ఒక దారపు ఉండ. అయినను కండెల లేసునుండి ఒక పాఠము నేర్చుకొనవలసియున్నది. చేతిరుమాలు చుట్టును వచ్చు అంచును అల్లునప్పుడు ఆ పనివారు ప్రతి దారపు జతను మొదట ఒక గుండుసూదికి తగిలించి, అక్కడ చిన్న ఉచ్చు మిగిలియుండునట్లు చూతురు. నాలుగు ప్రక్కలు చుట్టి మరల మొదటి చోటికి వచ్చినప్పుడు, ఒక్కొక్క జతలోని ఒక దారమును సన్నని కొక్కెముతో ఆ ఉచ్చులోనుండి లాగి, రెండవ దారముతో కలిపి, జారని జోడుముడి వేయుదురు. మొదట ఎన్ని ఉచ్చులో, తుదిని అన్ని జతలు. మొదట ఉచ్చు విడువని వానికి తుదిని దారము దాచుకొను చోటే ఉండదు. ఆ పనివారు సూదులు గ్రుచ్చుటకు పూర్వమే అతుకు ఎక్కడ రావలెనో నిర్ణయించుకొందురు. మూల వద్ద కాదు. మధ్యను, తక్కువ జతలు నడచు చోట.

కొక్కెపు పనిలోను ఇదే బుద్ధి పనికివచ్చును.

ఇక మన ఊళ్ళ మాటకు వత్తము. వికారాబాదులోను, తాండూరులోను లేసు పరిశ్రమ ఉన్నదని మేము చెప్పము. ఇక్కడ ఉన్నవి వేరు. తండాలలోని లంబాడీ వనితలు కాంచళిపైన, పేటియాపైన అద్దములు, గవ్వలు కుట్టి, అంచులు మడచి, దారపు కొసలను బట్టలోనే దాచు విద్యను తల్లులవద్ద నేర్చినవారు. 2018 పంచాయతీరాజ్ చట్టము మూలమున ఎన్నో తండాలు సొంత గ్రామపంచాయతీలైనవి. ఆ పంచాయతీల సభ్యురాండ్రు కొందరు ఇక్కడనే కూర్చున్నారు. వారికి మేము సూది పట్టుట నేర్పనక్కరలేదు. ఇంకొకటి, చీర కొంగులకు కుచ్చులు వేయు పని. మునుపు నేతగాడు విడిచిన పడుగు పోగులనే ముడివేసి కుచ్చులు చేసెడివారు. ఇప్పుడు కొంగు అంచును మడచి కుట్టి, దానిపై కొక్కెపు సూదితో అల్లి, పూసలు గ్రుచ్చి, పట్టుదారపు కుచ్చులు వ్రేలాడదీయుట ఊరూర వ్యాపించినది. పెండ్లి ముహూర్తములనాడు ఈ పనికి గిరాకి ఎక్కువ. బజారు మన గుమ్మము ముందే యున్నది. కొనువారు విదేశమున లేరు. గాన లేసు అంచు నేర్చిన సంఘము మొదట ఈ కొంగుల మీద, చంటిపిల్లల గౌనుల మీద, చేతిరుమాళ్ళ మీద, దిండు గలీబుల మీద చేయి త్రిప్పుకొనవలెను.

ఇప్పుడు పని.

మొదటి దారపు ముడి వేయకమునుపే చేయవలసినవి కొన్ని కలవు. గుడ్డను ముందుగా ఉదికి ఆరవేయవలెను. నూలుగుడ్డ, ముఖ్యముగా చేనేత గుడ్డ, మొదటి ఉదుకులో కుదించుకొనును. ఉదుకని గుడ్డకు అంచు అల్లినచో, తరువాత గుడ్డ ముడుచుకొని అంచు అలలవలె లేచిపోవును; ఆ తప్పు అల్లినవారిదిగా కనబడును. దారమును ఒక పనికి సరిపడునంత ఒకేమారు కొనవలెను. తెల్లదారమంతయు ఒకే తెలుపు కాదు. వేరు వేరు దినములలో కొన్న రెండు ఉండల తెలుపు ఎండలో పరచి చూచినప్పుడు తేడాగా కనబడవచ్చును. సన్నని దారమునకు సూది 1 మిల్లీమీటరుకు అటు ఇటుగా ఉండవలెను. కంది కట్టె కోసిన చేతులు గరుకై దారము పట్టుకొనును. రాత్రి కొబ్బరినూనె రాచుకొని, తెల్లవారి సబ్బుతో కడుగుకొని కూర్చుండుడని మేము చెప్పుచుందుము. తాండూరు చుట్టుప్రక్కల బండలు కోయు, మెరుగుపెట్టు చోట్లకు దగ్గరనున్న ఇండ్లలో బూడిదరంగు దుమ్ము ఇంకొక బాధ. ఉండను మూతగల డబ్బాలో ఉంచి, మూతకు చిన్న రంధ్రము చేసి, అందుండి దారమును లాగుకొనిన చాలును.

తరువాత లెక్క. మేము చూచిన చెడు అంచులలో ఎక్కువ భాగము చేతి తప్పువలన కాక లెక్క తప్పువలన చెడినవి. ఒక రుమాలు ప్రక్క 30 సెంటీమీటర్లు అనుకొందము. ఒక్కొక్క చంద్రవంక వెడల్పు 2 సెంటీమీటర్లయినచో ప్రక్కకు 15 వంకలు, నాలుగు ప్రక్కలకు 60, మూల కొకటి చొప్పున మరి 4, మొత్తము 64. దీనిని కాగితముపై వ్రాసికొని, గుడ్డపై లేత పెన్సిలుతో గుర్తులు పెట్టుకొని మొదలుపెట్టినవారికి తుదిని సగము వంక మిగులదు. లెక్కింపక మొదలుపెట్టినవారు చివరి నాలుగు వంకలను సాగదీసియో, ఇరికించియో సరిపెట్టుదురు. అల్లినవారు తాము తప్ప ఎవరును గమనింపరనుకొందురు. కొనువాని కన్ను మొట్టమొదట పడునది అక్కడనే.

గుడ్డ అంచుపైననే నేరుగా అల్లునప్పుడు మూల వద్ద మొదలుపెట్టరాదు. మూల దాటి మూడు నాలుగు వేళ్ళ దూరమున, రెండు వంకల నడుమ పల్లము వచ్చు చోట మొదలుపెట్టవలెను. అతుకు పల్లములో పడినచో చూపునకు అందదు. వంక నెత్తిన పడినచో దాచుట బ్రహ్మతరము కాదు. దారము కొసను ఒక జానెడు విడిచి మొదటి ఉచ్చు వేయవలెను. చాలమంది ఇక్కడ పిసినారితనము చూపి, అంగుళము కొస విడిచి గట్టిముడి వేసి కత్తిరింతురు. ఆ ముడి మొదటి ఉదుకులో వీడిపోవును. వీడకున్నను వ్రేలికి గులకరాయివలె తగులును. జానెడు దారము వెల ఎంత? ఆ జానెడు తరువాత సూదిలోనికి ఎక్కి, పని వెనుకభాగమున దాగవలసిన దారము. అది లేనిచో దాగుట ఎట్లు? మూల వద్ద ఒకే రంధ్రములో మూడు కుట్లు వేయవలెను. ఒకటే వేసినచో మూల ముడుచుకొనును.

అంచును విడిగా పట్టీవలె అల్లి తరువాత గుడ్డకు కుట్టు పద్ధతి ఇంకొకటి. పట్టీని నిడివిగా అల్లునప్పుడు మొదట పొడుగైన గొలుసు వేయుదురు. ఈ మొదటి గొలుసు బిగువుగా ఉన్నచో అంచు అంతయు విల్లువలె వంగును. గొలుసును మాత్రము ఒక సంఖ్య లావు సూదితో వేసి, తరువాత సన్న సూది తీసికొనుట మంచి ఉపాయము. లెక్కకు పైన పది గొలుసులు అదనముగా వేసికొనుడు. మొదటి వరుస ముగిసిన పిమ్మట మిగిలిన గొలుసులను మొదటి కొసనుండి సూదిమొనతో ఒక్కొక్కటిగా విప్పవచ్చును. తక్కువ పడినచో మాత్రము వరుస అంతయు విప్పి మరల అల్లుట తప్పదు, అందుచేతనే అదనము.

పట్టీని అడ్డముగా, చిన్న వరుసలతో ముందుకును వెనుకకును తిరుగుచు అల్లునప్పుడు నిడివి ముందుగా తెలియనక్కరలేదు. అది ఈ పద్ధతి సుగుణము. దీనికి మొదటి వరుసయు, చివరి వరుసయు కలిసినప్పుడు ఒక పూర్తి వంక ఏర్పడవలెను. వంకను పూర్తిచేసి మొదలుపెట్టినట్టి వరుసకే వచ్చి నిలిచితిమా అని చూచుకొనవలెను. అతుకునప్పుడు ఒకదానిపై నొకటి ఎక్కింపరాదు. ఎక్కించినచో అక్కడ రెండింతల మందమై, ఇస్త్రీ చేసినప్పుడు మెరుగు తేలును. రెండు వరుసల కొసలను ఎదురెదురుగా పెట్టి, ఒక కన్నును ఎదుటి కన్నుతో కలిపి, సూదితో చదునుగా కుట్టవలెను. నరసాపురము వైపు ఇట్టి కలుపు పనికి అతుకుపని యని పేరు. దానిని ప్రత్యేక నేర్పుగా ఎంచుదురు. పట్టీని గుడ్డకు కుట్టునప్పుడు ఈ అతుకును మూలకు తేక ప్రక్క మధ్యన ఉంచి, మూలలవద్ద పట్టీని కొంచెము వదులుగా ముడతలు పెట్టి త్రిప్పవలెను.

నడుమ దారము అయిపోయినచో? పల్చని జల్లెడ భాగములో ముడివేసి సాగిపోవుట దోషము. నిలువు కుట్లు దట్టముగానున్న భాగమునకు చేరువరకు చూచుకొని, పాత కొసను, కొత్త కొసను రెంటిని వరుస వెంబడి పరచి, వాటిపైన ఏడెనిమిది కుట్లు అల్లుకొనిపోవలెను. దారము తక్కువపడునని ముందే కనిపెట్టి, దట్టపు భాగములోనే పాతదానిని విడుచుట నేర్పరుల లక్షణము.

ముగింపునకు వత్తము. చివరి కుట్టు మొదటి కుట్టును చేరినది. సాధారణముగా అందరు అక్కడ ఒక జారుకుట్టు వేసి, దారమును త్రెంచి ముడి వేయుదురు. అక్కడ చిన్న మెట్టు కనబడును. అది లేకుండ చేయు పద్ధతి ఇది: చివరి కుట్టు ముగియగానే జానెడు దారము విడిచి కత్తిరించి, దానిని ఉచ్చునుండి పూర్తిగా పైకి లాగవలెను. ముడి వేయరాదు. ఆ కొసను మొన మొద్దుగానున్న సూదికి ఎక్కించి, మొదటి కుట్టును విడిచి, రెండవ కుట్టు తలపైనున్న రెండు పోగుల క్రిందుగా ముందునుండి వెనుకకు తీసి, మరల దారము బయలుదేరిన చివరి కుట్టు నడుమనే క్రిందికి దింపవలెను. బిగించునప్పుడు ప్రక్క కుట్ల తలలంత వెడల్పున నిలిపినచో అది మరియొక గొలుసు కన్నువలెనే కనబడును. ఎక్కడ మొదలో, ఎక్కడ తుదియో అల్లినవారే వెదకుకొనవలసివచ్చును.

పిదప కొసలను దాచుట. పని వెనుకభాగమున, దట్టమైన కుట్లలోనుండి ఒక అంగుళము దూరము ఒక దిక్కుగా సూదిని నడపి, ఒక పోగు విడిచి మలుపు త్రిప్పి, అర అంగుళము వెనుకకు రావలెను. ఒకే దిక్కున నడపిన కొస ఎంత నిడివియైనను లాగినప్పుడు జారివచ్చును. మలుపు త్రిప్పినది రాదు. వెంటనే మొదలంట కత్తిరింపరాదు. ఉదికి, సాగదీసి, ఆరిన తరువాత కొస తన చోట తాను కుదురుకొనును. అప్పుడు కత్తిరింపవలెను. ఆరకమునుపే కత్తిరించినచో, ఉదికిన పిమ్మట కొస మొలకవలె బయటికి తలయెత్తును.

అగ్గిపుల్లతో కొసను కాల్చు అలవాటు కొందరికి కలదు. నైలాను దారము కరిగి అంటుకొనుటచే వారికి అది సులభముగా తోచినది. నూలు కరుగదు; నల్లబడి బూడిదయగును, ప్రక్కనున్న పోగును కూడ కాల్చును. కొంగు కుచ్చులలో ముడిపై జిగురు చుక్క పెట్టుటయు మాకు సమ్మతము కాదు. ఆ జిగురు కొన్నాళ్ళకు పసుపుబారి, పట్టుచీరను గీకును. ముడి వేయు విద్య ఉన్నవారికి జిగురు ఎందుకు?

ఉదుకుటకు గోరువెచ్చని నీరు, మెత్తని సబ్బు చాలును. పిండరాదు, తువ్వాలులో చుట్టి అదుమవలెను. పల్చని బియ్యపు గంజిలో ముంచి, నున్నని బండపై తెల్లగుడ్డ పరచి, దానిపై అంచును చేతితో చదునుగా సవరించి, వంకలను ఒక్కొక్కటిగా వ్రేలితో లాగి ఆరనీయవలెను. పట్టణములలో ఇందుకు బల్లలు, తుప్పుపట్టని గుండుసూదులు కొందురు. మన ఇండ్లలో తాండూరు బండ నేలపైననే పరచియున్నది.

ఇక సభ్యులారా, మీ వంతు. శిక్షణ ముగిసిన దినమున వస్తువును చేతికి తీసికొనగానే వెనుకకు త్రిప్పి చూడుడు. ముందువైపు అందరును చూపుదురు. పైన పటారము, లోన లొటారము అను మాట లేసు వెనుకభాగమును చూచి పుట్టినదేమో యనిపించును. ముడులు తగులుచున్నవా యని వ్రేలితో తడవుడు. వెలుతురుకు ఎత్తి, వంకలను నాలుగు ప్రక్కల ఎంచుడు. ఎదురెదురు ప్రక్కలలో సంఖ్య సరిపోవలెను. అతుకు ఎక్కడో చెప్పకుండ మిమ్ములనే వెదకుమన్నచో మీకు దొరకరాదు. అన్నిటికంటె మంచి పరీక్ష ఇది: ఒక నమూనాను మూడుమార్లు ఉదికించి, ఉదుకనిదానిని ప్రక్కన పెట్టి చూడుడు. మూడు ఉదుకులకు నిలిచినది ముప్పదింటికి నిలుచును. నిలువనిదానిని పుచ్చుకొనక, చేసినవారిని నిందింపక, ఎక్కడ వీడినదో చూపి మరల చేయించుడు.

ఇంత సూక్ష్మముగా ఎందుకని అడుగవచ్చును. నరసాపురపు కథ వినుడు. జర్మను పండితురాలు మారియా మీస్ అక్కడి లేసు పనివారినిగూర్చి పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. విదేశములకు పోవు సరకును చేయు స్త్రీలు దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు సూది పట్టియు, రూపాయి కూడ గడింపలేకుండిరని ఆమె చూపినది. వ్యాపారులు వారిని పనివారుగా గాక, ఇంట ఊరక కూర్చుండి ప్రొద్దుపుచ్చు గృహిణులుగా ఎంచిరి. తీరికవేళ పనికి కూలి ఎంతయన్న ఏమి! దారము వ్యాపారి మనిషి తెచ్చియిచ్చును. ఒకతె పువ్వు అల్లును, వేరొకతె అతుకును, ముగించి, ఉదికి, కట్టకట్టి, వెల నిర్ణయించువారు మరియొకరు. పువ్వు మాత్రమే అల్లుట వచ్చినది పువ్వు వెలకే లోబడియుండును. ఆమె చేతిలో పూర్తి వస్తువు ఎన్నడును లేదు, గాన బజారులో నిలిచి అమ్ముకొను మార్గమును లేదు. గత కొంతకాలముగా అక్కడ సహకార సంఘములు ఏర్పడి ఈ వరుసను మార్చుటకు పాటుపడినవి. ఆ అనుభవము వారిది. దానిని మనము మొదటినుండి మరల పడనక్కరలేదు. మన శిక్షణ తరగతులలో పువ్వులు నేర్పి, కొలత తీయుట, అతుకుట, ముగించుట, గంజిపెట్టుట తరువాత చూతమని విడుచుట మేము పలుచోట్ల చూచితిమి. తరగతి దినములు అయిపోవును. ఆ తరువాత రాదు. నేర్పవలసినవానిలో మొదట నేర్పవలసినవి అవియే. పువ్వును ఇరుగుపొరుగు కూడ నేర్పగలరు.

కూలి లెక్కయు ఒకమారు వేయుదము. మాటవరుసకు ఒకతె ఒక మీటరు అంచు అల్లుటకు మూడు గంటలు పట్టునని అనుకొందము. ఎనిమిది గంటలు కూర్చున్నచో మూడు మీటర్లు కూడ కాదు. రెండుంబావు మీదికి, మూడింటికి లోపుగా. మీటరుకు 30 రూపాయలు ఇచ్చినచో దినమునకు వచ్చునది 80 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనికి దినకూలి 300 రూపాయలు. ఆ కూలితో సరిపోలవలెనన్నచో మీటరుకు దారము ఖర్చు విడిచి 112 రూపాయలకు పైగా రావలెను. అతుకునకు, ఉదుకునకు, గంజికి పట్టిన గంటలు ఇందులో ఇంకను చేరలేదు. ఎవరైన బేరగాడు ఊరికి వచ్చి, ఇంట కూర్చుండి చేయు పనియే కదా, మీటరుకు 30 చాలదా యన్నప్పుడు, ఈ లెక్క సంఘపు పుస్తకములో వ్రాసియుండవలెను. గడియారము ముందు పెట్టి ప్రతి సభ్యురాలు ఒక మీటరు అల్లి, పట్టిన కాలమును తనయెదుటనే వ్రాయించుకొనవలెను. తీర్మానముతో ముడిపెట్టి ఈ లెక్కను అడిగి చూచుట పంచాయతీ చేయదగిన పని. అట్టి లెక్కలో కూలి గిట్టదని తేలినచో, ఆ సరకును విడిచి కొంగు కుచ్చుల వంటి ఎక్కువ వెల పలుకు పనికి మరలుటయే మేలు. లేసు అనగానే ఎగబడనక్కరలేదని మేము మొగమాటము లేకుండ చెప్పుదుము.

వేళ విషయము ఒకటి మిగిలినది. కంది కోత, నూర్పిడి సాగునప్పుడు తరగతి పెట్టినచో హాజరు పట్టీలో పేర్లుండును, గదిలో మనుషులుండరు. కంది ఇంటికి చేరిన తరువాత, తొలకరికి మునుపు, ఉదయపు వెలుతురులో రెండు గంటలు పెట్టుడు. సాయంకాలపు మసక వెలుతురులో తెల్లదారముపై కన్ను నిలువదు. గదికి కిటికీ ఉండవలెను. చంటిబిడ్డల తల్లులు వత్తురు గాన ప్రక్కన చాప, ఒక కుండ మంచినీరు, బిడ్డలను చూచుటకు ఒక పెద్దావిడ ఉండునట్లు చూడుడు. నేర్పుటకు వచ్చునామె స్వయముగా అల్లిన పూర్తి అంచునొకదానిని ముందుగా తెప్పించుకొని, ఇంతకుమునుపు చెప్పిన విధముగా త్రిప్పి చూచి, తరువాతనే ఆమెను పిలువుడు.

వచ్చే సమావేశమునకు ప్రతి గ్రామమునుండి సంఘమువారు ఒక్కొక్క రుమాలు తేవలసినదని కోరుచున్నాము. ఒక ప్రక్క చాలును. నాలుగు ప్రక్కలు అక్కరలేదు. మొదటి కొసను, చివరి కొసను దాచక, జానెడు జానెడు విడిచియే తెండు. వాటిని అందరమును కలిసి కూర్చుండి సూదికెక్కించి దాతము.